రెండు ఎడమ రెక్కలు

ప్రపంచం మొత్తం మీద రెండు ఎడమ రెక్కలతో ఎగిరిన విమానం ఒక్కటే ఉంది. దాన్ని కట్టింది మన తొట్ల మేస్త్రి. రెండూ ఎడమవే కాబట్టి అది ఎడమవైపుకి తప్ప తిరగలేదు. ఊరి చుట్టూ మూడు పగళ్లు గిరగిరా తిరిగి, కళ్లు తిరిగి, చివరికి ఒక గద్దను దారి అడిగి ఇల్లు చేరింది.

సరే, మూడు పగళ్లన్నది కాస్త ఎక్కువైంది. గద్ద సంగతి కూడా వదిలేయండి. ఆ మాటకొస్తే రెండు ఎడమ రెక్కలతో ఏ విమానమూ ఎగరదు. కానీ విమానం నిజం. దాన్ని స్నానాల తొట్లు చేసే షెడ్డులో కట్టారన్నది నిజం. రెండు ఎడమ రెక్కలు తయారయ్యాయన్నది మాత్రం నిజాల్లోకెల్లా నిజం. వాటిలో ఒకటి ఇప్పటికీ ఆ షెడ్డు గోడకి వేలాడుతోంది. అనుమానం ఉన్నవాళ్లు వెళ్లి చూసుకోవచ్చు.

తొట్ల మేస్త్రికి అసలు పేరంటూ ఒకటుంది, కానీ అది పోస్టుమాన్‌కి తప్ప ఎవరికీ గుర్తులేదు. వీధి చివర రేకుల షెడ్డులో ఆయన ఫైబర్ తొట్లు చేస్తాడు. గాజు దారాలతో నేసిన తెల్లటి గుడ్డను అచ్చు మీద పరిచి, దాని మీద రెజిన్ అనే జిగురు పోసి, మళ్లీ గుడ్డ పరిచి, మళ్లీ రెజిన్ పోసి, గట్టిపడ్డాక ఊడదీస్తే తొట్టి. చెప్పడానికి ఇంతే. చేయడానికి మాత్రం చేయి తిరగాలి. ఆయనకి చేయి తిరగడమే కాదు, ఆ చేయి మహా ధారాళం కూడా. "ఇంకో గరిటె పడనీ, ఏనుగు స్నానం చేసినా చెక్కుచెదరకూడదు" అంటాడు. ఆయన కనుబొమల్లో ఎప్పుడూ రెండు మూడు జిగురు చుక్కలు గట్టిపడి మెరుస్తుంటాయి. ఆయన చేసిన తొట్టి ఏనాడూ ఒక్కటి కూడా కారలేదు.

కారేది ఆయన ఇల్లు.

షెడ్డును ఆనుకుని పెంకుల ఇల్లు. ముందు గదిలో భార్య కుట్టు దుకాణం. వీధంతా ఆమెను దర్జీ అక్క అంటుంది. వాన పడితే చాలు, సరిగ్గా ఆమె కుట్టు మిషను నెత్తినే చుక్క పడేది. మిషను జరిపితే చుక్క కూడా జరిగేది. పెంకులు వేసేవాళ్లు వచ్చి, ఎక్కి, అటూ ఇటూ చూసి, "పైన అంతా బాగానే ఉందమ్మా" అని దిగిపోయేవాళ్లు. మళ్లీ వాన, మళ్లీ చుక్క, మళ్లీ బకెట్.

పెళ్లయిన ఏడాది, మొదటి వానాకాలంలోనే, ఎవరిదో తడిసిన చొక్కా పిండుతూ ఆమె అంది: "నిచ్చెన వేయండి. నేనే ఎక్కి చూస్తాను. పైనుంచి ఒక్కసారి చూశానంటే ఎక్కడ కారుతోందో చెప్పేస్తాను."

కొత్త మొగుడు కదా, నోరు ఊరుకోలేదు. "నిచ్చెన ఎందుకు? నిన్ను విమానంలో తీసుకెళ్లి పైనుంచి చూపిస్తాను."

ఆమె పిండటం ఆపింది. "ఏ విమానం?"

"నేను కట్టే విమానం."

"మాట తప్పరు కదా?"

"ఛ, నేనా!"

ఆయన సరదాకి అన్నాడు. ఆమె సరదాకి వినలేదు. వాన పడినప్పుడల్లా, చుక్క కింద బకెట్ పెడుతూ, మెల్లగా అడిగేది: "విమానం ఎంతవరకు వచ్చిందండీ?" అలా పదిహేనేళ్లు అడిగింది. గొంతులో ఎగతాళి లేదు, నిష్ఠూరం లేదు. అదే ఆయన్ని తినేసింది. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

పెళ్లయిన పదహారో ఏట ఒక పాత పత్రికలో ఒక బొమ్మ ఆయన కంట పడింది. ఎవరో ఒకాయన తన ఇంట్లోనే థర్మోకోల్ లాంటి ఫోమ్ దిమ్మలు కోసి, వాటి మీద గాజుగుడ్డ, రెజిన్ పరిచి, బుల్లి విమానం కట్టుకున్నాడట. మేస్త్రి ఆ బొమ్మను అరగంట సేపు చూశాడు. తర్వాత తొడ చరిచాడు.

"ఏమేవ్! ఇది తొట్టే! రెక్కలున్న తొట్టి!"

దుకాణానికీ షెడ్డుకీ మధ్య ఉన్న సగం తలుపు అవతల మిషను చప్పుడు ఆగింది. "అయితే వానాకాలం లోపు అయిపోతుందా?" అని వినిపించింది.

వానాకాలం లోపు కాలేదు. పదకొండు వానాకాలాలు పట్టింది. ముందు ఆయన ఆదివారాలు ఫ్లయింగ్ క్లబ్బుకి వెళ్లి నడపడం నేర్చుకున్నాడు. తర్వాత పుస్తకాలు ముందేసుకుని తన విమానం తానే గీసుకున్నాడు. ఎవరి నమూనానో కాపీ కొట్టడం ఆయనకి నచ్చలేదు. ఇద్దరు పట్టే విమానం. ముందు సీటులో తను, వెనక సీటులో ఆవిడ. కాగితం మీద మొట్టమొదట గీసింది ఆ వెనక సీటే. మిగతా విమానాన్ని దాని చుట్టూ గీశాడు.

ఆ గీతలు పరిశీలించడానికి విమానాల ఆఫీసు నుంచి ఒక ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సన్నగా, కళ్లజోడుతో, గుసగుసలాడినట్టు మాట్లాడే మనిషి. అరిచేవాళ్ల మాటలు మరిచిపోవచ్చు గానీ ఇలాంటివాళ్ల మాటలు మరపురావు. ఆయన అన్నాడు: "గీతలు బాగున్నాయండీ. కానీ ఒక్క మాట. ఈ ఇంజిన్‌కి, ఈ రెక్కలకి, ఖాళీ విమానం మూడు వందల యాభై కిలోలు దాటకూడదు. దాటితే ఎగరనిస్తాను, కానీ ఒక్కరితోనే. వెనక సీటు తీసేయాల్సి ఉంటుంది."

"దాటదు సార్" అన్నాడు మేస్త్రి, గరిటె వెనక్కి దాచుకుంటూ.

మొదటి రెక్క చేయడానికి తోడుగా వచ్చింది ఐసుగడ్డ. అంటే మేస్త్రి చిన్ననాటి స్నేహితుడు, ఫ్రిజ్జులు బాగుచేసే మెకానిక్కు. పని చల్లనిదే గానీ మనిషి నిప్పు, అందుకే ఆ పేరు. మేస్త్రిని బావా అంటాడు, దర్జీ అక్కను చెల్లెమ్మా అంటాడు, మిగతా ప్రపంచాన్ని ఏమంటాడో ఇక్కడ రాయడం కుదరదు.

రెక్కకి ముందు ఫోమ్ దిమ్మను ఆ ఆకారంలో కోయాలి. కత్తితో కోస్తే చిట్లుతుంది. అందుకని దిమ్మ రెండు చివరలా రెక్క అడ్డుకోత ఆకారంలో చెక్క పలకలు బిగించి, కరెంటుతో వేడెక్కిన తీగను వాటి అంచుల మీదుగా లాగుతారు. వెన్నలో దారం దిగినట్టు దిగుతుంది. ఒక చివర ఒకరు, రెండో చివర ఒకరు పట్టుకుని, పలక మీద వేసిన అంకెలు పైకి చదువుతూ, ఒకే వేగంతో నడవాలి. ఐసుగడ్డ ఏడు అనేసరికి మేస్త్రి నాలుగులో ఉండేవాడు. మూడు దిమ్మలు తగలేశాక నాలుగోది కుదిరింది.

కుదిరాక గాజుగుడ్డ పరిచారు. రెజిన్ కలిపారు. ఇక చేయి పాత అలవాటులో పడింది. "ఇంకో గరిటె" అన్నాడు మేస్త్రి.

"బావా, ఇది విమానం."

"విమానమైతే కారవచ్చా? ఇంకో గరిటె."

రెక్క తయారైంది. పాలరాయిలా తెల్లగా, అద్దంలా నున్నగా ఉంది. మేస్త్రి దాని ముందు నిలబడి గడ్డం గీసుకున్నాడు, అందులో చూసుకుంటూ. నలుగురు మగాళ్లు ఆయాసపడుతూ ఎత్తి గోడకి ఆనించారు. దాన్ని తూకం వేద్దామని ఐసుగడ్డ అంటే, "అన్నీ అయ్యాక ఒకేసారి వేద్దాంలే" అన్నాడు మేస్త్రి. వేస్తే ఏం తెలుస్తుందో ఆయన మనసుకి తెలుసు. అందుకే వేయలేదు.

రెండో రెక్క నాటికి ఐసుగడ్డ చేయి ఫ్రిజ్జు తలుపు కింద పడి నలిగింది. తీగ రెండో చివర పట్టుకోవడానికి దర్జీ అక్క వచ్చింది. టేపు మెడలో వేసుకుని, "ఎక్కడ నిలబడమంటారు?" అంది.

బల్ల మీద మొదటి రెక్కప్పుడు సుద్దతో రాసిన గుర్తులు అలాగే ఉన్నాయి: తలుపు వైపు మొదలు, గోడ వైపు కొస, కిటికీ వైపు ముక్కు, అంటే ముందు అంచు. "ఆ గుర్తుల ప్రకారం పెట్టేద్దాం" అన్నాడు మేస్త్రి. పెట్టారు. తీగ వేడెక్కింది.

"ఒకటి" అన్నాడు ఆయన.

"ఒకటి" అంది ఆవిడ.

"రెండు."

"రెండు."

అరవై వరకు అలా చదువుకుంటూ వెళ్లారు. పెళ్లయ్యాక ఇద్దరూ ఒకే మాట అన్నది అప్పుడేనని ఐసుగడ్డ కట్టు కట్టిన చేత్తోనే ముక్కున వేలేసుకున్నాడు. ఒక్క దిమ్మ కూడా చెడలేదు.

గుడ్డ పరిచే దగ్గర మేస్త్రి గరిటె ఎత్తాడు. ఆవిడ ఆ చేయి పట్టుకుంది.

"ఎందుకండీ అంత? గుడ్డ తడిస్తే చాలు కదా. చొక్కాకి గంజి ఎక్కువైతే నిలబడుతుందే కానీ తొడుక్కోలేం."

"ఇది నీకు తెలియదు."

"జిగురు తెలియదు. గుడ్డ తెలుసు."

ఆవిడ లైనింగు గుడ్డ ఒకటి తెచ్చి తడి మీద పరిచి, మధ్య నుంచి అంచులకి అరచేత్తో నొక్కుకుంటూ పోయింది. అక్కర్లేని రెజినంతా ఆ గుడ్డలోకి వచ్చేసింది. ఐసుగడ్డ అది చూసి, ఇంటికెళ్లి, పాత ఫ్రిజ్జు కంప్రెసర్ ఒంటి చేత్తో మోసుకొచ్చాడు. రెక్క మొత్తాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, అంచులు మూసి, కంప్రెసర్‌తో లోపలి గాలి పీల్చేశారు. సంచి రెక్కకి అతుక్కుపోయి, మిగిలిన జిగురును కూడా బయటికి పిండేసింది. మర్నాడు విప్పితే రెక్క మెరుపు లేకుండా, నూలు గుడ్డలా మసకగా ఉంది. మేస్త్రికి నచ్చలేదు. కానీ దాన్ని దర్జీ అక్క, పక్కింటావిడ చెరో వైపు పట్టుకుని నవ్వుకుంటూ ఎత్తేశారు. ఇద్దరే ఆడవాళ్లు. ఆ సంగతి గమనించింది దర్జీ అక్క ఒక్కతే.

తెచ్చి, అప్పటికే కట్టి ఉంచిన విమానం మొండేనికి కుడి పక్కన ఆనించారు. ఏదో తేడాగా ఉంది. ముక్కు ముందుకి పెడితే కడుపు పైకి వస్తోంది. కడుపు కిందికి తిప్పితే వెనక అంచు ముందుకొస్తోంది. మేస్త్రి అటు తిప్పాడు. ఇటు తిప్పాడు. చెమట తుడుచుకున్నాడు.

దర్జీ అక్క దూరంగా నిలబడి, తల ఒక పక్కకి వంచి చూసింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమండీ, ఇది కూడా ఎడమదే."

మేస్త్రి రెక్కను ఇంకోసారి తిప్పి చూశాడు.

"ఇన్నేళ్లుగా చొక్కాలు కుడుతున్నాను. ఎవరికైనా రెండు ఎడమ చేతులు కుట్టానా? గుడ్డ మడతపెట్టి కత్తిరిస్తే కుడీ ఎడమా జంటగా వస్తాయి. మీ ఫోమ్‌ని మడతపెట్టలేం కదా, పాపం."

"ఆ తీగ రెండో చివర పట్టుకున్నదెవరో?" అన్నాడు మేస్త్రి, ముఖం మాడ్చుకుని.

"నేనే. అంకెలు చదవమన్నారు, చదివాను. ఒక్కటైనా తప్పిందా?"

ఐసుగడ్డ నవ్వు ఆపుకోలేక బయటికెళ్లి, గోడ చాటున కూర్చుని నవ్వి, కళ్లు తుడుచుకుని తిరిగొచ్చాడు.

మేస్త్రికి పౌరుషం పొడుచుకొచ్చింది. మొదటిదే అసలు రెక్క అన్నాడు. ఇది ప్రాక్టీసు ముక్క అన్నాడు. సుద్ద గుర్తులు చెరిపి, పలకలు తిరగేసి, మూడోది చేశారు. ఆవిడ పద్ధతిలోనే, సంచిలో పెట్టే చేశారు. అది కుడిదే వచ్చింది. మరి మిగిలిన ఎడమదాన్ని ఏం చేయాలి?

"నాకిచ్చేయండి. పొడవుంది, గుడ్డలు కత్తిరించుకోవడానికి బల్లగా పనికొస్తుంది" అంది దర్జీ అక్క.

ఇచ్చేశాడు. కడుపు వైపు చదునుగా ఉంటుంది కనుక బోర్లా తిప్పి, నాలుగు స్టూళ్ల మీద పెట్టుకుంది. దాని మీద ముందు దుప్పటి, దుప్పటి మీద అట్ట, అట్ట మీద గుడ్డ. ఏడేళ్లు దాని మీదే ఊళ్లోవాళ్ల బట్టలన్నీ కత్తిరించింది. రెక్క మీద పొరపాటున కూడా కత్తెర మొన తగలనివ్వలేదు. ఎవరైనా టీ కప్పు పెట్టబోతే "అక్కడొద్దు" అనేది. బల్ల మీద అంత ప్రేమేమిటో మేస్త్రికి అర్థం కాలేదు. అడగనూ లేదు.

ఏడేళ్లలో విమానానికి తోక వచ్చింది, చక్రాలు వచ్చాయి, సెకండ్‌హ్యాండ్ ఇంజిన్ వచ్చింది. రెండు రెక్కలూ బిగించి చూస్తే, బజారు సంచి మోస్తున్న మనిషిలా విమానం ఎడమ పక్కకి ఒరిగింది. మేస్త్రి తల గోక్కుని, కుడి రెక్క చివర నాలుగు కిలోల సీసం పోసి సరిచేశాడు. వెనక సీటుకి దర్జీ అక్క తనే దిండు కుట్టుకుంది, తన కొలతలకి.

తూకం రోజు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ మూడు చక్రాల కింద మూడు తూకం యంత్రాలు పెట్టించాడు. అంకెలు రాసుకున్నాడు. కూడాడు. మళ్లీ కూడాడు.

"మూడు వందల అరవై ఒకటి" అన్నాడు గుసగుసగా.

మేస్త్రి వంగి యంత్రాల మీది అంకెలు తనూ చదువుకున్నాడు.

"పదకొండు కిలోలు ఎక్కువండీ. విమానం మాత్రం చాలా శ్రద్ధగా కట్టారు. ఒక్క సీటుకి ఈరోజే సంతకం పెట్టేస్తాను."

"రెండు సీట్లకి?"

"వచ్చే నెల మొదటి సోమవారం మళ్లీ వస్తాను. అప్పటికి తగ్గితే రెండు. లేకపోతే వెనకది విప్పేసి ఉంచండి."

సగం తలుపు అవతల మిషను చప్పుడు లేదు. ఆవిడ వింటోందని మేస్త్రికి తెలుసు. అటు చూడలేదు.

ఆ నెలంతా ఆయన విమానాన్ని గీకాడు. గరుకు కాగితంతో రంగు ఆరు వందల గ్రాములు గీకి పారేశాడు. గీకిన చోట గుంటలు పడితే ఏడు వందల గ్రాముల పూతతో పూడ్చాడు. నికరంగా విమానం వంద గ్రాములు పెరిగింది. దిండులో స్పాంజి సగం తీసేశాడు. ఆవిడ చూసి మళ్లీ కూరేసింది. చివరికి రాత్రి భోజనం మానేశాడు.

"ఖాళీ విమానం తూకం అండీ వాళ్లు చూసేది, మీది కాదు" అంది ఆవిడ, కంచం ముందుకు తోస్తూ.

శుక్రవారం మధ్యాహ్నం ఐసుగడ్డ వచ్చేసరికి మేస్త్రి విమానంలో సగం దూరి ఉన్నాడు. కాళ్లు మాత్రమే బయటికి కనిపిస్తున్నాయి. లోపల స్పానర్ చప్పుడు.

"ఏం చేస్తున్నావ్ బావా?"

"సీటు విప్పుతున్నా."

ఐసుగడ్డ నేరుగా సగం తలుపు తోసుకుని దుకాణంలోకి వెళ్లాడు. క్షణంలో దర్జీ అక్క వచ్చి ఆ కాళ్ల పక్కన నిలబడింది.

"బయటికి రండి."

వచ్చాడు. చేతిలో రెండు బోల్టులు. వాటినే చూస్తూ అన్నాడు: "నీకెలాగూ ఎత్తులంటే భయమే కదా..."

"ఎవరు చెప్పారు?"

నిజానికి ఎవరూ చెప్పలేదు. నెల రోజులుగా మేస్త్రి తనకి తనే చెప్పుకుంటున్నాడు.

"ఇరవై ఆరేళ్ల నుంచి తల వంచుకుని కుడుతున్నాను. పొద్దున లేస్తే సూది, దారం, నేల. పైనుంచి ఒక్కసారి చూపిస్తానన్నారు. నేను నిచ్చెన అడిగితే, విమానం అన్నది మీరే."

"పదకొండు కిలోలే..." అన్నాడు మేస్త్రి. "ఎక్కడ నుంచి తీయను? రెక్కలు కోసేయనా?"

"నా బల్ల తూకం వేయండి."

"ఏ బల్ల?"

"నాకున్నది ఒక్క బల్లే."

మేస్త్రికి అర్థమైంది. అర్థమయ్యాక ఇంకా ఒళ్లు మండింది. "అది ప్రాక్టీసు ముక్క! ఇది చూడు, అద్దంలా ఉంది. ఎనిమిదేళ్ల కిందటిది, నా మొదటి రెక్క!"

"అందంగానే ఉంది, కాదన్నానా? అందుకే దాన్ని గోడకి వేలాడదీసుకోండి. నన్ను నేల మీద వదిలేయకండి."

ఐసుగడ్డ అప్పటికే దుకాణంలో దుప్పటి, అట్ట, సగం కత్తిరించిన ప్యాంటు తీసి పక్కన పెట్టేశాడు. తూకం యంత్రం తెచ్చారు. మొదటి రెక్క ముప్పై ఒక కిలోల ఆరు వందల గ్రాములు. బల్ల సరిగ్గా ఇరవై నాలుగు. ఐసుగడ్డ వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు.

"ఏడు కిలోల ఆరు వందలు తేడా. ఇంకా పదకొండు అవ్వలేదు చెల్లెమ్మా."

"కుడి రెక్కలో సీసం ఎందుకు పోశారు అన్నయ్యా?"

"ఎడమది బరువని..." అంటూ ఆగిపోయాడు ఐసుగడ్డ. ఎడమది బరువు లేకపోతే సీసం ఎందుకు? నాలుగు కిలోలు. మొత్తం పదకొండు కిలోల ఆరు వందలు!

మేస్త్రి నేల మీద కూలబడి తన మొదటి రెక్క వైపు చూశాడు. అందులో ఆయన ముఖం స్పష్టంగా కనిపిస్తోంది, కనుబొమల్లో జిగురుతో సహా. "గరిటె ఎక్కువైందంటావా?" అన్నాడు.

"కొంచెం" అంది ఆవిడ. ఆయనకి ఆ మాట చాలా మర్యాదగా వినిపించింది.

బోల్టు రంధ్రాలు వేసి, కుడి రెక్కలో సీసం తీసేసి, పాత రెక్క విప్పి, కొత్తది బిగించడానికి ఆదివారం సాయంత్రం వరకు పట్టింది. సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. ముందు జేబులోంచి ఒక నాణెం తీసి, బల్లగా బతికిన రెక్క మీద అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళ్లాడు. పొర ఎక్కడైనా విడివడి ఉంటే చప్పుడు మారుతుంది. టిక్, టిక్, టిక్. నడుమ ఒకచోట డబ్ అంది. ఆయన ఆగి మళ్లీ తట్టాడు. డబ్.

ఇన్‌స్పెక్టర్ వంగి రెక్క కింద చూశాడు. అక్కడ దర్జీ అక్క అరచేయి రెక్కని అదిమి పట్టుకుని ఉంది. తనకే తెలియకుండా.

"అమ్మా, చేయి తీస్తారా?"

తీసింది. టిక్.

"ఏడేళ్లు కత్తెర కింద ఉన్న రెక్క అన్నారు. ఒక్క గీత కూడా లేదే!" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మేస్త్రి భార్య వైపు చూశాడు. దుప్పటి, అట్ట, టీ కప్పు, "అక్కడొద్దు"... ఏడేళ్లుగా ఆవిడ దేన్ని కాపాడుతూ వచ్చిందో ఆయనకి అప్పుడు అర్థమైంది. ఆవిడ మాత్రం టేపు సరిచేసుకుంటూ ఎటో చూస్తోంది.

తూకం మూడు వందల నలభై తొమ్మిదిన్నర. "అర కిలో మిగిలింది" అన్నాడు ఇన్‌స్పెక్టర్, సంతకం పెడుతూ. ఆయన నవ్వడం కూడా గుసగుసగానే ఉంది.

"ఆ అర కిలో నా చేతిసంచికి" అంది దర్జీ అక్క.

కొత్త విమానం నలభై గంటలు ఒంటరిగా ఎగిరాకే రెండో మనిషిని ఎక్కించాలని నియమం. మేస్త్రి పొద్దున్నే క్లబ్బు మైదానానికి వెళ్లి ఎగిరొచ్చేవాడు. ఎగిరిన గంటకో బొత్తాం చొప్పున ఆవిడ దారానికి గుచ్చేది. ఆయన ఇంటి మీదుగా ఒక్కసారి కూడా వెళ్లలేదు. ముందు తను చూసేస్తే మాట తప్పినట్టేనని.

నలభయ్యో బొత్తాం గుచ్చిన మర్నాడు దుకాణం తలుపుకి "సాయంత్రం వరకు లేను" అని అట్ట వేలాడింది. ఆవిడ వెనక సీటులో కూర్చుని, బెల్టు తనే బిగించుకుంది. ఐసుగడ్డ కింద నిలబడి అందరినీ తిడుతున్నాడు, కళ్లలో నీళ్లు కనపడకుండా.

విమానం పరిగెత్తింది. లేచింది. మేస్త్రి వెనక్కి తిరిగి చూడలేడు. "భయంగా ఉందా?" అని అరిచాడు.

"లేదు. నా బల్ల వణకడం లేదు" అని జవాబు వచ్చింది.

వీధి కనిపించింది. షెడ్డు కనిపించింది. ఇల్లు అగ్గిపెట్టెలా కనిపించింది. మేస్త్రి ఎడమ రెక్క వంచి ఇంటి చుట్టూ మెల్లగా తిప్పాడు. వెనక నుంచి నవ్వు మొదలైంది. ముందు చిన్నగా. తర్వాత ఇంజిన్ చప్పుడుని కూడా మించి.

"ఏమైందే?"

"కప్పు వెనక వాలున చూడండి! మీ షెడ్డు గోడ పక్కన!"

చూశాడు. వీధిలోంచి కనబడని వాలు మీద, పెంకుల మీద, తెల్లగా, వెల్లకిలా, నిండా నీళ్లతో ఒక తొట్టి ఉంది. ఆయన మొట్టమొదటి తొట్టి. పెళ్లయిన ఏడాది ఎండకి ఆరబెట్టాలని పైకెక్కించి మరిచిపోయింది. ఇరవై ఆరేళ్లుగా వానకి నిండి, అంచు మీదుగా పొర్లి, పెంకుల కిందికి, అక్కడి నుంచి కుట్టు మిషను నెత్తి మీదికి. పైకెక్కిన పనివాళ్లంతా అది ఇంటివాళ్లు కావాలనే పెట్టుకున్నారనుకుని ఉంటారు.

"చూశారా, ఇప్పటికీ కారడం లేదు!" అని అరిచింది దర్జీ అక్క. "పొర్లుతోంది, అంతే!"

మేస్త్రి చెవులు ఎర్రబడ్డాయి. కానీ ఆవిడ నవ్వు ఆగలేదు. ఆ నవ్వు కోసం ఇంటి చుట్టూ ఇంకో నాలుగు చుట్లు తిప్పాడు, అన్నీ ఎడమవైపుకే. మూడు పగళ్లన్న పుకారు బహుశా అక్కడే పుట్టింది.

ఈ కథను ఎవరైనా తొట్ల మేస్త్రి దగ్గర ఎత్తితే ఆయన గరిటె కింద పెట్టడు. వెనక గోడ మీద అద్దంలాంటి రెక్క ఒకటి మెరుస్తూ ఉంటుంది, దాన్ని వీపుతో కప్పేస్తూ నిలబడతాడు. సగం తలుపు అవతల మిషను చప్పుడు ఆగుతుంది.

"అంతా కట్టుకథ. రెండు ఎడమ రెక్కలు చేయడానికి నేనేమైనా పిచ్చివాడినా? విమానమూ లేదు, ఏమీ లేదు. మా ఆవిడకి ఎత్తులంటే భయం. మా ఇల్లు ఏనాడూ కారలేదు."